గోడ ఆగుతుంది, నారు ఆగదు

చలికాలం పొడుగ్గా సాగే దేశంలో ఉంటే వసంతం రాగానే పనులన్నీ ఒక్కసారిగా మీద పడతాయి. నెలల తరబడి మూసి ఉంచిన కిటికీలు తెరవగానే గోడల మీద మరకలు, లేచిన పెచ్చులు కనిపిస్తాయి. పెరట్లో మట్టి మెత్తబడుతుంది. చలి సాయంత్రాల్లో పిల్లలతో మొదలుపెట్టిన కుట్టుపని, ఊలు అల్లిక సగంలోనే ఉంటాయి. ఇల్లు బాగుచేసుకోవడం, తోట పని, చేతిపని మూడూ మాకు కావాలి. పిల్లల బడి, మా ఇద్దరి ఉద్యోగాలు ఎలాగూ ఉన్నాయి.

మూడింటికీ సమానంగా సమయం పంచాలని చూస్తే టెన్షన్ తప్ప ఏమీ మిగలదు. వాటి గడువులే వేరు మరి. టమాటా నారు ఇంట్లో పోసుకోవాలంటే, బయట గడ్డకట్టే చలి రాత్రులు ముగియడానికి 6 నుంచి 8 వారాల ముందే విత్తనాలు వెయ్యాలి. ఆ మొక్కల్ని నేరుగా ఎండలోకి తీసుకెళ్లి నాటితే ఆకులు తెల్లబడి మాడిపోతాయి. వారం, పది రోజుల పాటు మొదట నీడలో గంటో రెండు గంటలో ఉంచి, రోజురోజుకీ ఆ సమయం పెంచుతూ బయటి గాలికి అలవాటు చెయ్యాలి. బఠాణీ గింజ మట్టి 5 డిగ్రీల దగ్గర ఉన్నా మెల్లగా మొలుస్తుంది. బెండకు మాత్రం కనీసం 18 డిగ్రీలైనా ఉండాలి, లేకపోతే గింజ మట్టిలోనే కుళ్లిపోవచ్చు. ఈ లెక్కలు మన సెలవుల్ని బట్టి మారవు. గోడ అలా కాదు, ఇంకో నెల ఆలస్యమైనా దానికేం నష్టం లేదు. పైగా నీటి ఆధారిత రంగులు చాలావాటికి గాలి, గోడ రెండూ 10 డిగ్రీల పైన ఉంటేనే మంచిది. అందుకని మా ఇంట్లో వసంతంలో మొదటి మాట తోటది.

పనులు ఒకదానికొకటి అడ్డు రావడం కూడా ఉంది. ఎండ బాగా పడే కిటికీ ఉన్నది పిల్లల గదిలోనే. నారు ట్రేలు అక్కడే పెట్టాలి. అవి ఉన్నంతకాలం ఆ గదిలో గోడ గీకడం, రంగు వెయ్యడం కుదరదు, ఆ దుమ్మంతా లేత ఆకుల మీద పడుతుంది. కాబట్టి నారు బయటికి వెళ్లాకే ఆ గదికి రంగు. ఒకే రోజు మూడు పనులూ చెయ్యాల్సి వస్తే పొద్దున శుభ్రమైన చేతులతో కుట్టు, తర్వాత రంగు, ఆఖరున మట్టి. తోటలో తవ్వొచ్చాక ఎంత కడిగినా గోళ్ల సందుల్లో మట్టి ఉంటుంది, లేత రంగు దారానికి అది అంటితే పోదు. ఒక పూత ఆరి రెండో పూత వెయ్యడానికి సాధారణంగా కొన్ని గంటలు ఆగాలి. ఆ మధ్యలో క్రోషే సూదో, కుట్టు ఫ్రేమో చేతిలో ఉంటే ఆ సమయం వృథా కాదు. సంచిలో పెట్టుకుని ఎక్కడికైనా తీసుకెళ్లగలిగిన పని ఈ మూడింటిలో చేతిపని ఒక్కటే, అందుకే దాన్ని ఖాళీల్లో ఇరికించొచ్చు.

ఇవన్నీ ఎలాగోలా సర్దుకునేవే. నాకు అసలు ఆలోచన పిల్లల్ని ఈ పనుల్లోకి ఎలా తీసుకురావాలన్నదే. ఇక్కడి బడిలో మా పిల్లలకు ప్రతి పనికీ ఒక హద్దు ఉంటుంది: ఇది నీది, నువ్వే ఎంచుకో, నువ్వే పూర్తి చెయ్యి, కింద నీ పేరు రాయి. నేను పెరిగిన ఇంట్లో పిల్లలకంటూ విడిగా పని ఉండేది కాదు. పెద్దవాళ్లు చేస్తుంటే పక్కన కూర్చునేవాళ్లం, అందివ్వమంటే అందించేవాళ్లం, కొన్నాళ్లకు పని వచ్చేసేది. ఎవరూ పాఠం చెప్పలేదు, ఎవరూ శభాష్ అనలేదు. తోటలో పాది తవ్వడానికి పిలిచినప్పుడు మా పెద్దమ్మాయి అడిగింది: "అమ్మా, ఇది నీ పనా, నా ప్రాజెక్టా?" ఆ ప్రశ్న నన్ను చాలా రోజులు ఆలోచింపజేసింది. రెండు దేశాల పెంపకంలో ఉన్న తేడా అంతా అందులోనే ఉందనిపించింది.

బార్బరా రోగాఫ్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త గ్వాటెమాలాలోని మాయా కుటుంబాల మధ్య ఏళ్ల తరబడి ఇలాంటి విషయాలే పరిశీలించారు. అక్కడ పిల్లలు పెద్దల పనుల మధ్యే ఉంటూ, చూస్తూ, చేతనైనంత సాయం పడుతూ నేర్చుకుంటారని ఆవిడ వివరించారు. అమెరికాలోని మధ్యతరగతి ఇళ్లలో పిల్లల్ని పెద్దల పనికి దూరంగా ఉంచి, వాళ్ల కోసం వేరే పాఠాలూ ఆటలూ తయారుచేయడం ఎక్కువ. ఇది చదివాక నాకు పెద్ద ఊరట కలిగింది. నేను పెరిగిన తీరు కేవలం మా ఇంటి అలవాటు కాదనీ, దానికి నేర్పే శక్తి ఉందనీ తెలిసింది. అలాగని ఇక్కడి పద్ధతిని కొట్టిపారేయను. తన పేరు పెట్టుకున్న పని మీద పిల్లలకు కలిగే బాధ్యత నేను కళ్లారా చూస్తున్నాను. అందుకే పెరట్లో మా చిన్నవాడికి వాడిదంటూ ఒక చిన్న మడి ఇచ్చాం. అందులో ఏం వెయ్యాలి, ఎంత దూరంలో వెయ్యాలి అన్నది వాడిష్టం. చిక్కుడు మరీ దగ్గరగా వేశాడు, నేను వేలు పెట్టలేదు. మిగతా తోటంతా మాత్రం అందరిదీ. అక్కడ ఎవరి పనని అడగరు, పిలిస్తే రావాలి.

అన్ని పనుల్లోకీ రానివ్వను కూడా. ముఖ్యంగా పాత ఇళ్లు కొనుక్కున్నవాళ్లకు గట్టిగా చెప్పాలనుంది. అమెరికాలో ఇళ్లకు వేసే రంగుల్లో సీసం (లెడ్) అనే విషపు లోహాన్ని 1978లో నిషేధించారు. అంతకు ముందు కట్టిన ఇంట్లో పాత పూతల కింద అది ఉండే అవకాశం ఉంది. మన దేశంలో రంగుల్లో సీసం 90 పీపీఎం (పది లక్షల భాగాల్లో 90 భాగాలు) మించకూడదన్న నియమం 2017 నవంబరులో అమల్లోకి వచ్చింది, కాబట్టి అక్కడి మన సొంతిళ్ల విషయంలోనూ ఇది గుర్తుంచుకోవాలి. పొడిగా గీకితే లేచే దుమ్ము నేల మీద పేరుకుంటుంది, ఆరేళ్ల లోపు పిల్లలు ఆ చేతులే నోట్లో పెట్టుకుంటారు. పరీక్ష చేయించకుండా పాత గోడ గీకొద్దు. ఆ ఇంటి గోడను ఆనుకుని ఉన్న మట్టిలో కూడా రాలిన పెచ్చులు కలిసి ఉండొచ్చు, కూరగాయల మళ్లు గోడకు ఎడంగా వేసుకోవడం మంచిది. పిల్లలకు కొలతలు కొలవడం, కొత్త పూత రోలరుతో వెయ్యడం ఇస్తే చాలు, వాళ్లకు అదే సరదా.

ఇంకో లాభం గురించి చెప్పకుండా ఉండలేను. కూర్చోబెట్టి తెలుగు నేర్పితే మా పిల్లలు కాసేపట్లో ఇంగ్లీషులోకి జారుకుంటారు. పని మధ్యలో మాత్రం తెలుగు దానంతటదే వస్తుంది. పట్టుకో, వంచకు, కొంచెం ఇటు జరుపు, నీళ్లు మొదట్లో పొయ్యి అని నేనంటాను, వాళ్లూ అదే భాషలో తిరిగి అంటారు. సందేహాలు, గొడవలు, అలకలు అన్నీ తెలుగులోనే నడుస్తాయి. కుట్టుకు అమ్మమ్మ వీడియో కాల్‌లో తోడుంటుంది. ఎదురుగా పెట్టిన ఫోనులో చూస్తే పిల్లలకు కుడి ఎడమలు తారుమారయ్యేవి. ఇప్పుడు అటువైపు మా తమ్ముడు ఫోనును అమ్మ భుజం మీదుగా చేతుల్లోకి చూపిస్తాడు, గొలుసు కుట్టు ఎక్కడ గుచ్చి ఎక్కడ తీస్తున్నదీ స్పష్టంగా కనిపిస్తుంది. "అమ్మమ్మా, మళ్లీ చూపించవా" అని పెద్దది అడుగుతుంటే, అమ్మ ఎన్నిసార్లయినా చూపిస్తుంది.

తోట పని పెరిగాక పెద్దమ్మాయి ఆ కుట్టు ఫ్రేమును పక్కన పెట్టేసింది. మొదలుపెట్టింది పూర్తిచేయించాలని మావారు అంటారు. ఈ విషయంలో నేను ఒప్పుకోవట్లేదు. నారుకు గడువుంది, గుడ్డకు లేదు. ఫ్రేము బిగించే ఉంచితే గుడ్డ మీద రింగు గుర్తు పడుతుందని విప్పి, దారాలతో సహా సంచిలో పెట్టి, అది అందుకోగలిగే అరలోనే ఉంచాను. మళ్లీ ఎప్పుడు తీస్తుందో దాని ఇష్టం.