‘విడోవర్స్ హౌసెస్’ రిహార్సల్, ఐదో వారం

బెర్నార్డ్ షా మొదటి నాటకం ఇది. 1892 డిసెంబరు 9న లండన్ రాయల్టీ థియేటర్లో తొలి ప్రదర్శన. రైన్ ఒడ్డు హోటల్ తోటలో జరిగే మొదటి అంకం కాగితం చూడకుండా వస్తోంది. ఈ వారమంతా రెండో అంకానికే పట్టింది.

ముందు అంకెలు. ఇళ్ల యజమాని సార్టోరియస్‌కున్న మురికివాడ ఇంట్లో మెట్లు బాగుచేయించడానికి 1 పౌండు 4 షిల్లింగులు ఖర్చుపెట్టాడని అద్దెల గుమాస్తా లిక్‌చీజ్ ఉద్యోగం ఊడుతుంది. కాసేపటికే, సార్టోరియస్ కూతురు బ్లాంచ్‌ను పెళ్లాడాలనుకుంటున్న యువ డాక్టరు ట్రెంచ్‌కు ఏటా వచ్చే 700 పౌండ్లు అవే ఇళ్ల తాకట్టు మీద వడ్డీ అని తేలుతుంది. ఈ రెండు అంకెలూ ప్రేక్షకుడి చెవిలో ఒకదాని పక్కన ఒకటి పడాలి. మొదటిదాన్ని ‘24 షిల్లింగులు’ అంటే పోలిక అందడం లేదు, రూపాయల్లోకి మారిస్తే లండనే పోతోంది. రెండూ పౌండ్లలోనే ఉంచాం.

‘700’ దగ్గర సార్టోరియస్ గొంతు తగ్గాలి. పరిషత్తు నాటకాల అలవాటుతో అక్కడ గొంతు పెంచితే ట్రెంచ్ కూడా అరుస్తాడు. అరిచే మనిషి దగ్గర ఇంకా జవాబుందనిపిస్తుంది. ట్రెంచ్ దగ్గర లేదు. రెండు లెక్కపెట్టేంత మౌనం, తర్వాత కుర్చీలో కూలబడడం, అంతే. సార్టోరియస్‌ను విలన్‌గా ఆడితే ఈ సీను చచ్చిపోతుంది. చాకిరేవు బతుకు బతికిన తల్లి కొడుకతను, తన మాటలు తాను నమ్ముతాడు.

రెండో అంకం జరిగే సార్టోరియస్ లైబ్రరీకి 8×4 అడుగుల ఫ్లాట్లు (గోడల్లా నిలబెట్టే సెట్టు పలకలు) మూడు. పుస్తకాలు ఇటుకల్లా అమరి ఉండాలని షా సూచన, అందుకే నిజం పుస్తకాలు వద్దు. అంగుళంన్నర థర్మోకోల్ పట్టీలు అతికించి డిస్టెంపర్ వేశాం. ఎనామిల్ లైట్లకు మెరుస్తుంది, పైగా థర్మోకోల్‌ను తినేస్తుంది. ఫ్లాట్ల వెనుకవైపు మూడో అంకం గోడ, లండన్ బెడ్‌ఫర్డ్ స్క్వేర్‌లోని ఇల్లు. తిప్పడానికి 7 నిమిషాలు పడుతోంది, 4కి రావాలి.

బ్లాంచ్ పనిమనిషి జుట్టు పట్టుకునే చోట బ్లాంచ్ లాగకూడదు. పిడికిలి మూసి తలకు ఆనిస్తే చాలు. పనిమనిషి రెండు చేతులతో ఆ మణికట్టు పట్టుకుని తన తలను తానే కదపాలి. పిన్నులు ముందే తీసేయాలి. కదలిక త్వరపడితే హాస్యమైపోతోంది.

నాటకానికి తెలుగు పేరు ఇంకా తేలలేదు. మార్కు సువార్త 12:40లోని విధవరాండ్ర ఇళ్లను షా భార్య పోయినవాళ్ల ఇళ్లుగా తిప్పాడు, ‘విధురుల ఇళ్లు’ అంటే ఆ మలుపు వినపడడం లేదు. లిక్‌చీజ్ బొచ్చు కోటు, మూడో అంకంలోని నీలం అట్ట ప్రభుత్వ నివేదిక వచ్చే వారానికి కావాలి.