"మా నాన్న చెప్పిండు"

పదకొండు దాటింది. బుజ్జిదాని దగ్గు తగ్గింది, అత్తయ్య కూడా పడుకున్నారు. పేపర్ల కట్టలో అడుగున ఉన్న ఒక్క జవాబు మాత్రం నిద్ర పట్టనివ్వడం లేదు.

ప్రశ్న మామూలుదే. బీటీ పత్తి (పురుగును చంపే ప్రొటీన్‌ను మొక్కే తయారుచేసుకునేలా జన్యువు చేర్చిన పత్తి) సాగు కొనసాగించాలా, వద్దా? కారణాలతో రాయండి. దాదాపు అందరూ ఒకే అచ్చులో రాశారు. పేజీ మధ్యలో గీత, ఎడమ పక్క లాభాలు ఐదు, కుడి పక్క నష్టాలు ఐదు, చివర "కాబట్టి జాగ్రత్తగా వాడుకోవాలి". నా కోపమంతా ఆ గీత మీదే. గీత గీశాక పిల్లవాడు ఆలోచించడం మానేస్తాడు. "మందు ఖర్చు తగ్గుతుంది", "విత్తనం ఏటా కొనాలి", "ఆరోగ్యానికి హానికరం", మూడూ ఒకే జాతి మాటల్లా వరుసలో కూర్చుంటాయి. మొదటిది చేలో లెక్కపెట్టి తేల్చొచ్చు. రెండోది నిజమే, కానీ అది తప్పా ఒప్పా అన్నది ఏ ప్రయోగశాలా చెప్పదు. మూడోది ఎవరికి, ఎంత మోతాదులో అని అడగందే వాక్యమే కాదు.

ఇక గొర్రెల సంగతి. 2006లో వరంగల్ వైపు ఏరేసిన బీటీ చేలల్లో మేసి గొర్రెలు చనిపోయాయన్న మాట ఇక్కడి పిల్లలు ఇళ్లలో వింటూనే పెరిగారు. "గొర్రెలు చచ్చాయి కాబట్టి బీటీ విషం" అని కొందరు. "ఆ ప్రొటీన్ ఏమీ చేయదని సైన్సు తేల్చింది కాబట్టి అబద్ధం" అని కొందరు. ఇద్దరూ మధ్యలో మెట్లు వదిలేసి దూకారు. ఆ ప్రొటీన్ పురుగు పేగులోని క్షారంలో కరిగి, పేగు గోడ మీది గ్రాహకాలకు అతుక్కుని చిల్లులు పెడుతుంది. గొర్రె పేగులో ఆ గ్రాహకాలు లేవు. అంతమాత్రాన గొర్రెలు చావలేదని కాదు కదా! చేనంతా కొట్టిన పురుగుమందు ఉంది, ఆకుల్లో నైట్రేటు ఉండొచ్చు, గింజలో గాసిపాల్ అనే సహజ విషం ఉంది. తేలాలంటే నాలుగు మడులు కావాలి: మందు కొట్టిన బీటీ, కొట్టని బీటీ, కొట్టిన మామూలు పత్తి, కొట్టనిది. ఒకే వయసు గొర్రెలు, అన్నిటికీ అన్నే రోజులు మేత. చచ్చినదాని కడుపులో మేత ల్యాబుకు పోవాలి. రెండో మడి లేకపోతే మందునూ బీటీనీ విడదీయలేం. ఈ మడి ఒక్కరికీ తట్టలేదు.

అసలు జవాబు ఇది: "మా నాన్న చెప్పిండు, బీటీల కూడ పురుగు వస్తది. అందుకే వద్దు." ఎవరో చెప్పడం ఆధారం కాదని సున్నా వేశాను. "బీటీ వేస్తే కాయ తొలిచే పురుగు రాదు" అని పుస్తకం మాట దించినవాళ్లకు పూర్తి మార్కులు.

ఇప్పుడు చూస్తే తప్పు నాదే. ఆ నాన్న చెప్పింది నిజం. బీటీ పత్తి 2002లో ఒక జన్యువుతో వచ్చింది, 2006లో రెండు జన్యువులతో వచ్చింది, గులాబీ రంగు పురుగు రెంటినీ దాటేసింది. అప్పట్లో 450 గ్రాముల ప్యాకెట్‌తో పాటు చేను చుట్టూ వేయమని 120 గ్రాముల నాన్‌బీటీ గింజలు ఇచ్చేవారు. చాలామంది వేయలేదు. బీటీకి లొంగే పురుగులు బతికే చోటు పోయింది, తట్టుకున్నవి వాటిలో అవే జతకట్టాయి. పైగా ఈ పురుగు లేతకాయలోకి దూరాక రంధ్రం పూడిపోతుంది. బయటికి కాయ నిగనిగలాడుతూనే ఉంటుంది. కోస్తేనే పసుపు మరక పట్టిన దూది, గింజలో సెంటీమీటరు పైచిలుకు గులాబీ పురుగు కనిపిస్తాయి. ఆ నాన్న కోసే ఉంటాడు.

కాబట్టి వాడి జవాబులో లోపం నాన్న కాదు. నాన్నకెలా తెలిసిందో రాయకపోవడం. సున్నా కొట్టేసి పక్కన రాశాను: "ఎన్ని కాయలు కోశారు? ఎన్నింట్లో ఉంది?" ఎకరానికి 20 పచ్చికాయలు కోస్తే రెండింట్లో పురుగుంటే మందు కొట్టాల్సిన హద్దు చేరినట్టే. "అందుకే వద్దు" మాత్రం ఇంకా నిలవదు. కాయ తొలిచే మరో పురుగు, శనగపచ్చ పురుగును బీటీ చాలావరకు ఆపుతూనే ఉంది.

ఒకమ్మాయి మాత్రం "మా చేను ఒక్కటే చూసి చెప్పలేను" అని రాసింది. ఆ వాక్యం రెండుసార్లు చదువుకున్నాను.

రేపు చేలున్న పిల్లల్ని తలా ఐదు పచ్చికాయలు తెమ్మంటాను. బ్లేడు నేను పట్టుకెళ్తాను. వాడికి ఎన్ని మార్కులు వేయాలో ఇంకా తేలలేదు.