ఫైలు నిండింది, సూట్‌కేసు ఇంకా ఖాళీ

సోమవారం

పొద్దున్న ఎనిమిదింటికల్లా పలాస పక్కనున్న కాశీబుగ్గ చేరిపోయాను. జిరాక్స్ షాపు షట్టర్ అప్పటికి సగమే లేచింది. నన్ను చూసి షాపాయన "మళ్లీ ఏటమ్మా?" అన్నాడు. సీటొచ్చినప్పటి నుంచి నేను ఇంట్లో కన్నా ఇక్కడే ఎక్కువ ఉంటున్నానని అమ్మ కూడా అంటోంది.

హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ఎం.ఏ. హిస్టరీ. ఎవరైనా అడిగితే చెప్పడానికి ఇప్పటికీ కొంచెం మొహమాటంగానే ఉంది. మార్చిలో సీయూఈటీ పీజీ, అదే సెంట్రల్ యూనివర్సిటీల ఎంట్రన్స్, రాసినప్పుడు ఆశేమీ పెట్టుకోలేదు. 75 ప్రశ్నలు, ఒక్కోటి 4 మార్కులు, తప్పు రాస్తే ఒకటి కోత. తెలియనివి వదిలేశాను, అంతే. వదిలేసినవే కాపాడాయేమో అని మా లెక్చరర్ గారు నవ్వారు.

సీటు రావడం వేరు, సీట్లో కూర్చోవడం వేరు. మధ్యలో ఈ ఫైలుంది. టెన్త్ మెమో, ఇంటర్ మెమో, డిగ్రీ ఆరు సెమిస్టర్ల మెమోలు, ప్రొవిజనల్, టీసీ, కాండక్ట్, మైగ్రేషన్ (ఇదొక్కటీ ఇంకా రాలేదు), ఇన్‌కమ్, కులం, ఆధార్, తెల్ల బ్యాక్‌గ్రౌండ్‌తో ఫొటోలు, డాక్టర్ సంతకం పెట్టిన ఫిట్‌నెస్ కాగితం. అన్నిటికీ జిరాక్సులు, ప్రతి జిరాక్స్ మీదా నా సంతకం. ఇవాళ పెట్టినన్ని సంతకాలు జన్మలో పెట్టలేదు. చివర్లో అక్షరాలు పోయి గీత మిగిలింది. టెన్త్ మెమోలో నాన్న పేరు చివర "రావు" ఉంది, ఆధార్‌లో లేదు. దానికి అక్కడ ఏమంటారోనని ఒక టెన్షన్.

అన్నిటికన్నా తిప్పలు పెట్టింది ఓబీసీ సర్టిఫికెట్. మన దగ్గర బీసీ సర్టిఫికెట్ ఎప్పటినుంచో ఉంది కదా, ఇంకోటి ఎందుకని నాన్న అడిగారు. రాష్ట్రం ఇచ్చిన కాగితం సెంట్రల్ యూనివర్సిటీకి పనికిరాదు. కులం కేంద్రం లిస్టులో కూడా ఉండాలి, కాగితం కేంద్రం ఫార్మాట్‌లో ఉండాలి, క్రీమీ లేయర్ కాదని రాసి ఉండాలి, అదీ ఈ ఆర్థిక సంవత్సరంలోదే, అంటే ఏప్రిల్ 1 తర్వాత ఇచ్చిందే అయి ఉండాలి. కులం మారదు గానీ కాగితానికి మాత్రం ఏడాదే ఆయుష్షు. ఎంక్వయిరీకి వచ్చిన వీఆర్వో గారు మా పెంకుటింటి అరుగు మీద కూర్చుని, ఆదాయం 8 లక్షలు దాటలేదు కదా అని అడిగారు. "దాటితే సెప్పండి బాబూ, నేనూ ఓసారి సూసుకుంటాను" అన్నారు నాన్న. వీఆర్వో గారు నవ్వుతూనే రాసుకున్నారు. ఆ కాగితం ఇవాళ చేతికొచ్చింది. ప్లాస్టిక్ కవర్లో పెట్టి, ఆ కవర్ని ఇంకో కవర్లో పెట్టాను.

తర్వాత ర్యాగింగ్ చేయనని ఆన్‌లైన్‌లో హామీ ఇవ్వాలి. 2009లో యూజీసీ తెచ్చిన రూల్ అది, విద్యార్థితో పాటు తల్లిదండ్రులు కూడా ఒప్పుకోవాలి. ఫారంలో నాన్న ఫోన్ నంబరుతో పాటు నాన్న మెయిల్ ఐడీ కూడా అడిగింది. నాన్నకి మెయిల్ ఎక్కడిది? ఫోన్ చేసి రమ్మన్నాను. పని మధ్యలో లుంగీతోనే సైకిలెక్కి వచ్చేశారు. షాపాయన ఐడీ తయారుచేసి, "పాస్‌వర్డ్ ఏటి పెట్టమంటావు? నీకు గుర్తుండేది సెప్పు" అన్నాడు. నాన్న ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. గచ్చిబౌలి సైటులో ఆయన గేట్ పాస్ నంబరు గడగడా చెప్పేశారు.

ఇది రాయాలనే ఇవాళ డైరీ తీశాను నిజానికి.

2018 అక్టోబర్ 11న తిత్లీ తుఫాను మా వజ్రపుకొత్తూరు మండలం మీదుగానే ఊళ్లోకి దూరింది. తెల్లారి చూస్తే జీడి తోటలో నిలబడ్డ చెట్టు లేదు, కొబ్బరి చెట్లన్నీ ఒకే వైపుకి పడి ఉన్నాయి. జీడి చెట్టు మళ్లీ నాటితే కాపుకి మూడు నాలుగేళ్లు పడుతుంది, కొబ్బరికి ఇంకా ఎక్కువ. అంతవరకూ ఏం తినాలి? ఉద్దానం నుంచి, అంటే మా తోటల ప్రాంతం నుంచి, బ్యాచులు బ్యాచులుగా మగాళ్లు రైలెక్కారు. నాన్న మా ఊరి మేస్త్రితో హైదరాబాద్ వెళ్లారు, రాడ్ బెండింగ్ పనికి. గచ్చిబౌలి, నానక్‌రాంగూడ దగ్గర అద్దాల బిల్డింగులు లేస్తున్న రోజులు. రేకుల షెడ్లో కాపురం. 2020 లాక్‌డౌన్‌లో వచ్చేశాక మళ్లీ వెళ్లలేదు. అంటుమొక్కలు వేశారు, ఇప్పుడు అవి కాస్తున్నాయి.

నాకు సీటొచ్చింది గచ్చిబౌలిలో అని చెప్పినప్పుడు ఆయన ముందు అడిగింది యూనివర్సిటీ గురించి కాదు, ఏ గేటు అని. పాత ముంబై హైవే మీదున్న మెయిన్ గేటంటే లింగంపల్లి వైపు నుంచి రావాలని, హెచ్‌సీయూ డిపో దగ్గర దిగితే సరిపోతుందని, ఎవరినీ అడక్కుండా చెప్పేశారు. ఆదివారాలు లింగంపల్లి సంతకి ఆ గోడ పక్క నుంచే వెళ్లేవారట. "ఎంత నడిసినా గోడ అవ్వదమ్మా" అంటారు. మరి 2,300 ఎకరాలంటే మాటలా! 2025 ఏప్రిల్‌లో టీవీ నిండా కంచ గచ్చిబౌలి 400 ఎకరాల గొడవే కదా. బుల్డోజర్లు, నెమళ్ల అరుపులు, విద్యార్థుల ధర్నా, చివరికి సుప్రీంకోర్టు చెట్ల నరికివేత ఆపమనడం. అందరూ నెమళ్లని చూస్తుంటే నాన్న మాత్రం వెనకాల కనిపిస్తున్న టవర్లని చూశారు. "మా సైటు అటేపే" అన్నారు. అప్పటికి నాకు సీటు రాలేదు కాబట్టి ఎవరం పట్టించుకోలేదు.

షాపులో పని అయ్యాక అమ్మ దగ్గరికి వెళ్లాను, సామాన్ల డబ్బుల కోసం. అమ్మ జీడిపప్పు ఫ్యాక్టరీలో గ్రేడింగ్ చేస్తుంది. బల్ల మీద పప్పు కుప్ప పోస్తారు. గుండు, అంటే విరగని పప్పు, ఒక పక్కకి, బద్ద ఒక పక్కకి, ముక్క ఇంకో పక్కకి. గుండులో మళ్లీ నంబర్లు: 180, 210, 240, 320. పౌనుకి ఎన్ని పప్పులు తూగుతాయో అదే నంబరు, అంటే నంబరు చిన్నదైతే పప్పు పెద్దది. అమ్మ నాతో మాట్లాడుతూనే వేళ్లతో విసిరేస్తుంటుంది. ఒకసారి అనుమానం వచ్చి కాటా వేయించాను, తేడా రాలేదు. గ్రేడింగ్‌కి రాకముందు కాయ కొట్టే పని చేసేది. జీడి నూనె పట్టి వేళ్ల చివర్లు అప్పుడు నల్లబడ్డాయి, ఇప్పటికీ పూర్తిగా పోలేదు. మొన్న వేలిముద్ర మెషీన్ అమ్మ వేలు పట్టకపోవడంతో ఇన్‌కమ్ పని ఒక పూట ఆగింది.

హాస్టల్‌కి రెండు కిలోల జీడిపప్పు ఇస్తానంది. బద్దే. గుండు మా ఇంట్లో ఎవరం తినం, అది అమ్ముకోవడానికే. దాంతో పాటు మందస కోవా కూడా పట్టుకెళ్లి రూమ్మేట్లకి పెట్టమంది. వాళ్లు ఏ రాష్ట్రం వాళ్లో కూడా తెలియకుండానే వాళ్ల భోజనం సంగతి ఆలోచించేస్తోంది.

రూమ్మేట్లంటే గుర్తొచ్చింది. ఇచ్ఛాపురం నుంచి అక్కడ చదువుతున్న ఒక సీనియర్ అక్కతో ఫోన్లో మాట్లాడాను. కేరళ, బెంగాల్, ఒడిశా, ఈశాన్య రాష్ట్రాలు, ఎక్కడెక్కడి వాళ్లో ఉంటారంది. మన బోర్డర్ పిల్లలకి ఒడియా వచ్చు కాబట్టి నీకు మొదటి వారంలోనే ఫ్రెండ్స్ దొరుకుతారులే అని ధైర్యం చెప్పింది. ఒడియా వల్ల హైదరాబాద్‌లో లాభం ఉంటుందని నేనైతే ఎప్పుడూ అనుకోలేదు. అసలు భయం ఇంగ్లీష్. నా డిగ్రీ పేరుకి ఇంగ్లీష్ మీడియమే. 2021 నుంచి మన రాష్ట్రంలో డిగ్రీ అంతా ఇంగ్లీష్‌లోనే అన్నారు, పరీక్ష ఇంగ్లీష్‌లోనే రాశాం. పాఠం మాత్రం తెలుగులోనే విన్నాం, లేకపోతే సగం క్లాసు మిగిలేది కాదు. చదివితే అర్థమవుతుంది, రాయగలను. పక్కనున్నవాళ్లు గబగబా మాట్లాడుతుంటే అందుకోగలనా అన్నదే డౌటు. మొదట్లో అందరూ తడబడతారు, కేరళ వాళ్లు కూడా, అంది అక్క. అది ఓదార్పో నిజమో వెళ్లాక తెలుస్తుంది.

హిస్టరీ ఎందుకని అందరూ అడుగుతున్నారు. బీఈడీ చేసి డీఎస్సీ రాయొచ్చు కదా అని పెదనాన్న ఇవాళ కూడా అన్నారు. ఆయన మాటలో తప్పేం లేదు, జీతం ఆయన లెక్క. నా లెక్క మామ్మ దగ్గర మొదలైంది. 1940లో మందస జమీందారు మీద రైతులు తిరగబడ్డప్పుడు గుడారి రాజమణిపురంలో కాల్పులు జరిగాయి. వీరగున్నమ్మ అక్కడే చనిపోయింది, అప్పటికి నిండు గర్భిణి అని చెప్పుకుంటారు. మా మామ్మకి వాళ్లమ్మ చెప్పింది, నాకు మామ్మ చెప్పింది. డిగ్రీలో జాతీయోద్యమం మొత్తం చదివాను, చంపారన్ రైతుల గురించి పది మార్కుల ప్రశ్న రాశాను, మా పక్క ఊరి రైతులు ఎక్కడా తగల్లేదు. వాళ్ల కాగితాలు ఎక్కడో ఉండే ఉంటాయి, పోలీసు రికార్డుల్లోనో ఎస్టేట్ లెక్కల్లోనో. అవి ఎలా వెతకాలో నేర్చుకోవాలి. ఇదంతా పెదనాన్నకి చెప్పలేదు, "చూద్దాం పెదనాన్నా" అన్నాను.

మామ్మ ఇంకో ప్రశ్న అడిగింది. "అక్కడ నీల్లు ఎలాగుంతాయే?" ఉద్దానంలో ఎవరు ఊరు దాటుతున్నా మా పెద్దవాళ్లు ముందు అడిగేది అదే. ఇక్కడి కిడ్నీ జబ్బులకి నీళ్లే కారణమని వాళ్ల అనుమానం. తాత కిడ్నీ జబ్బుతోనే పోయారు. మా వీధిలో ఇప్పటికీ డయాలసిస్‌కి వెళ్లొచ్చేవాళ్లున్నారు. ఫిల్టర్ నీళ్లుంటాయి మామ్మా అంటే, ఫిల్టర్ పని చేస్తోందో లేదో చూసుకుని తాగమంది.

సాయంత్రం యూనివర్సిటీ గురించి చదివింది నాన్నకి చెప్పాను. 1969లో తెలంగాణ ఉద్యమం, 1972లో జై ఆంధ్ర, ఆ గొడవల తర్వాత 1973లో ఆరు సూత్రాల పథకం. అందులో హైదరాబాద్‌కి ఒక సెంట్రల్ యూనివర్సిటీ ఇవ్వాలన్నది ఒక సూత్రం. దానికోసం రాజ్యాంగంలో 371-ఇ అని ఒక అధికరణమే చేర్చారు, 1974లో యూనివర్సిటీ వచ్చింది. మొదట అబిడ్స్‌లో సరోజినీ నాయుడు వాళ్ల ఇంట్లో, గోల్డెన్ థ్రెషోల్డ్‌లో నడిచింది. రెండు ప్రాంతాల వాళ్లు కొట్టుకుంటే పుట్టిన యూనివర్సిటీకి, రాష్ట్రాలు రెండయ్యాక, నేను ఇటు నుంచి వెళ్తున్నాను. నాకు ఇది భలేగా అనిపించింది. నాన్న అంతా విని, "అబిడ్స్ నుంచి గచ్చిబౌలికి మార్సేరా! సామాను మొయ్యడానికే నెల పట్టుంతాది" అన్నారు.

తర్వాత పాడైపోయిన జిరాక్స్ కాగితం వెనక దారి గీసిచ్చారు. స్టేషను, షేర్ ఆటోలు ఆగే చోటు, డిపో, గేటు. గేటు దగ్గర గీత ఆగిపోయింది. లోపల నేను చూపిస్తానని ఫోన్లో శాటిలైట్ మ్యాప్ తీశాను. చెరువులు, బండరాళ్లు, హాస్టళ్లు, లైబ్రరీ ఒక్కొక్కటే చూపిస్తుంటే ఆయన వేలు మ్యాప్‌ని పక్కకి లాగేస్తోంది. నా హాస్టల్ కోసం కాదు, ఆయన టవర్ కోసం. దొరికింది. పెద్దది చేసి చూశారు, ఇంకా పెద్దది చేశారు, బొమ్మ మసకబారిపోయింది. "పదహారో అంతస్తు దాకా రాడ్డు మాదే" అన్నారు. ఇప్పుడు అందులో ఏ కంపెనీ ఉందో నేను వెళ్లాక చూసి ఫోన్ చేయాలట. సరేనన్నాను.

సూట్‌కేసు సంగతి ఇంకా తేలలేదు. నాన్న ప్రకారం బకెట్, మగ్గు, పరుపు ఏవీ మోసుకెళ్లక్కర్లేదు, అన్నీ లింగంపల్లిలో దొరుకుతాయి, తాళం మాత్రం మంచిది ఇక్కడే కొనాలి. అమ్మ ప్రకారం అన్నీ ఇక్కడి నుంచే వెళ్లాలి, అక్కడ రెండింతల రేటు. బకెట్ మీద ఇద్దరికీ పడింది. చివరికి బకెట్ వస్తోంది, అందులో పచ్చడి సీసాలు కూర్చుంటున్నాయి. దుప్పటి కొన్నాను, ఎక్స్‌టెన్షన్ బాక్స్ కొన్నాను. రెండు చుడీదార్లకి లైనింగ్ కుట్టాలి, దర్జీ బుధవారం అన్నాడు, అతని బుధవారం అంటే శుక్రవారం.

టికెట్ విశాఖ ఎక్స్‌ప్రెస్‌కి. పలాసలో ఎక్కితే మరునాడు పొద్దున్నకి దింపుతుంది. నాన్నది కన్ఫర్మ్ అయింది, నాది ఇంకా ఆర్ఏసీలోనే ఉంది. చదువుకి వెళ్లేది నేను, బెర్త్ మాత్రం ఆయనకి. రేపు తొలి బస్సుకి ఎచ్చెర్లలో మా డిగ్రీ యూనివర్సిటీకి వెళ్లి మైగ్రేషన్ సర్టిఫికెట్ తెచ్చుకోవాలి, శ్రీకాకుళం దాటాక ఇంకాస్త దూరం. ఫైల్లో ఆ ఒక్క కాగితమే తక్కువ. అమ్మ ఇప్పుడే వచ్చి లైటు ఆపమంది, పొద్దున్న నాలుగున్నరకి లేపుతుందట.