వేరుగా పెట్టిన గిన్నె

టీబీ అని చెప్పడానికి డాక్టరుకు నాలుగు నిమిషాలు పట్టింది. కుడి ఊపిరితిత్తి పైభాగంలో మచ్చ, గళ్ళ పరీక్షలో క్రిమి, మామూలు మందులకు లొంగే రకం. బరువు 52 కిలోలు కాబట్టి రోజుకు నాలుగు మాత్రలు. రెండు నెలలు నాలుగు మందులు కలిసినవి, తర్వాత నాలుగు నెలలు మూడు మందులు కలిసినవి. మాత్రలు మొదలుపెట్టాక మూత్రం నారింజ రంగులోకి మారుతుంది, భయపడక్కర్లేదు. కళ్ళు పచ్చబడినా, రంగులు సరిగా తెలియకపోయినా మాత్రం ఆ రోజే డాక్టరు దగ్గరికి వెళ్ళాలి.

మూడో వారంలో ఒక రాత్రి రెండు గంటలకు దగ్గుతో లేచాను. నోరంతా వేడిగా, ఉప్పగా అయింది. లైటు వేస్తే నురగతో ఎర్రటి రక్తం, అర టీ గ్లాసు ఉంటుంది. పక్కింటి విశ్వాసులు పరుగెత్తుకొచ్చి, నన్ను వెల్లకిలా పడుకోబెట్టి, గుండె మీద చేతులు వేసి ప్రార్థన మొదలుపెట్టారు. ప్రేమతోనే చేశారు, కాదనను. కానీ వెల్లకిలా పడుకుంటే రక్తం గొంతులో నిలిచి ఊపిరాడదు. జబ్బున్న వైపు కిందికి ఉండేలా పక్కకు తిప్పాలి, అప్పుడు మంచి ఊపిరితిత్తిలోకి రక్తం దిగదు. ఎంత పడిందో గ్లాసు కొలతగా గుర్తు పెట్టుకుంటే డాక్టరు అడిగినప్పుడు చెప్పొచ్చు. ప్రార్థన ఆటోలో చేసుకోవచ్చు. ఆస్పత్రి గేటు దగ్గర "టీబీ వాళ్ళకు ఇక్కడ బెడ్ లేదు" అన్నతని మీద కోపం నాకింకా పోలేదు. క్షమించానని ప్రార్థనలో చెప్తాను, అతని గొంతు గుర్తొస్తే మళ్ళీ మండుతుంది.

కోలుకుంటున్న రోజుల్లో సంఘం నుంచి ఒకాయన వచ్చి, "అన్నా, ఒప్పుకోని పాపమేదైనా ఉందేమో పరీక్షించుకోండి" అన్నాడు. పుట్టుగుడ్డివాణ్ణి చూపించి ఎవరి పాపమని శిష్యులు అడిగితే, వాడిదీ కాదు, కన్నవాళ్ళదీ కాదన్నాడు ప్రభువు. ఈ జబ్బుకు మందే లేని కాలంలో, 1912లో, క్రైస్తవ మిషన్లు కలిసి మదనపల్లెలో టీబీ శానిటోరియం, అంటే టీబీ రోగుల ఆస్పత్రి, మొదలుపెట్టాయి. ఇప్పటి ఆరోగ్యవరం అదే. అక్కడ రోగులకు ఇచ్చింది మంచి గాలి, విశ్రాంతి, తిండి.

రెండో నెలాఖరుకు గళ్ళలో క్రిమి లేదని తేలాకే గుడికి వెళ్ళాను. ప్రభురాత్రి భోజనంలో, అంటే రొట్టె, ద్రాక్షారసం పంచుకునేటప్పుడు, నా గిన్నె వేరే పళ్ళెంలో పెట్టారు. టీబీ గిన్నెతో అంటుకోదు, దగ్గినప్పుడు గాల్లో కలిసే తుంపరలతో అంటుకుంటుంది. గిన్నె వేరు చేశారు గానీ, ఏసీ కోసం మూసిన కిటికీలు మాత్రం తెరవలేదు!

కోపంగా ఇంటికొచ్చాక, చాన్నాళ్ళ కిందటి మాట గుర్తొచ్చింది. దగ్గుతున్న ఒక విధవరాలి చాప వెనక వరుసకు జరిపించింది నేనే, సంఘపెద్ద హోదాలో. ఆవిడకు ఉన్నది ఆస్తమా.

దీనమనస్సు గురించి ఎన్ని ప్రసంగాలు చేశానో లెక్కలేదు. మంచం పట్టాక తెలిసింది, నాకు సేవ చెయ్యడం వచ్చు గానీ చేయించుకోవడం రాదని. తన పాదాలు కడగబోయిన ప్రభువును వద్దన్న శిష్యుడు పేతురుది పైకి వినయంలాగే కనిపిస్తుంది. గళ్ళ డబ్బాలో ఫినాయిలు పోసి, మూతపెట్టి మా ఆవిడ బయటికి తీసుకెళ్తుంటే నేను గోడవైపు తిరిగేవాణ్ణి. ప్రభుత్వం నెలకిచ్చే 1000 రూపాయల పోషణ డబ్బు పేదలకు కదా అని వద్దన్నాను. "అది మీ గుడ్లకీ పప్పుకీ అంకుల్, బ్యాంకు పుస్తకం ఇవ్వండి" అంది ఆశా కార్యకర్త. నా కూతురి వయసు పిల్ల, రోజూ ఎదురుగా నిలబడి మాత్రలు మింగించేది. రెండో నెల దాటాక దగ్గు పోయి ఆకలి పుడుతుంది, చాలామంది మానేసేది అక్కడే. కొన్ని క్రిములు ఇంకా నిద్రలో ఉంటాయి. మధ్యలో మానేస్తే అవి లేస్తాయి, ఈసారి ఇవే మందులకు లొంగకపోవచ్చు.

రోగిని చూడ్డానికి వెళ్ళేవాళ్ళు పది నిమిషాలకు మించి కూర్చోవద్దు. కిటికీ తెరవండి, అరడజను గుడ్లు తీసుకెళ్ళండి. ఇంట్లో మిగతావాళ్ళను పరీక్షకు ఎవరు తీసుకెళ్తున్నారో అడగండి, ఎవరూ లేకపోతే మీరే వెళ్ళండి. "ప్రేమ డంబముగా ప్రవర్తింపదు" అన్న వచనం గోడకు తగిలించడం కంటే ఇది కష్టం.

క్షమాపణకూ ఒక పద్ధతి ఉంది. ఒంటరిగా వెళ్ళాలి, సాక్ష్యం చెప్పేటప్పుడు మైకులో కాదు. చేసిన తప్పును పేరుపెట్టి చెప్పాలి. "ఒకవేళ నొచ్చుకుని ఉంటే" అని మొదలుపెడితే తప్పు అవతలివాళ్ళ మనసు మీదికి నెట్టినట్టే. క్షమించానని అప్పటికప్పుడు అనిపించుకోవాలని చూడకూడదు.

ఆరు నెలలూ నిండాక ఆ విధవరాలి గుమ్మం ముందు నిలబడి చెప్పాను. ఇన్‌హేలరు చేతిలో పట్టుకుని అంతా విన్నది.

"క్షమించడం సంగతి తర్వాత చూద్దాం అయ్యగారూ. ముందు నా చాప మూడో వరుసలో వేయించండి, ఫ్యాన్ కింద."