వాకిట్లో ముగ్గు ఎవరేస్తారు?

రేపు భోగి. ఈ రాత్రి నారాయణాద్రి రైలుకు గుంటూరు పోతున్నాం, మా ఆడబిడ్డ ఇంటికి. నాలుగు రోజులే. బట్టలు సర్దుడు గంటలో అయిపోయింది. ఇల్లు సర్దడానికే పొద్దంతా పట్టింది.

పొద్దున్నే మా ఆయన ఠాణాకు పోయి చెప్పొచ్చాడు. దసరాకు, సంక్రాంతికి ఊరికి పోయేవాళ్లు చెప్పి పోవాలని పోలీసులు ప్రతిసారీ మొత్తుకునేదే. ఇంటి నంబరు, ఫోను నంబరు, తిరిగొచ్చే తారీఖు రాసుకున్నారట. రాత్రి బీటుకు తిరిగేవాళ్లు అటు కూడా ఒక చూపు చూస్తామన్నారట.

బంగారం మొన్ననే లాకర్లో పెట్టాను. పెట్టి బయటికొస్తుంటే ఒక లెక్క గుర్తొచ్చింది. 2022 జనవరి నుంచి ఉన్న రిజర్వ్ బ్యాంకు నియమం ప్రకారం, లాకర్లో దొంగతనం జరిగితే బ్యాంకు ఇవ్వాల్సింది ఏడాది కిరాయికి వంద రెట్ల వరకే. కిరాయి రెండు వేలైతే రెండు లక్షలు. తులం లక్ష దాటిన రోజుల్లో రెండు లక్షలకు ఏమొస్తుంది, నా నల్లపూసల గొలుసు కూడా రాదు. అయినా బీరువాలో చీరల కింద దాచుకునే కంటే నయం. దొంగలు ముందు వెతికేది ఆ చీరల కిందేనని ఎవరికి తెలియదు!

తాళం దగ్గర మాకిద్దరికీ మాట పెరిగింది. మా మామ కొన్న అలీగఢ్ తాళం ఒకటుంది, పిడికిలంత. దాన్ని ముందు గేటుకు వేస్తేనే ఆయనకు నిద్ర పడుతుంది. నాకేమో అంత పెద్ద తాళం వేలాడితే "మేం లేం, రండి" అని బోర్డు పెట్టినట్టే అనిపిస్తుంది. చివరికి ముందు తలుపుకు లోపల గడియ పెట్టి, వంటింటి తలుపు నుంచి బయటపడి, అలీగఢ్‌ది అక్కడ వేద్దామని ఒప్పించాను. వీధిలోంచి చూస్తే తాళమే కనబడదు.

గ్యాసు రెగ్యులేటర్ కట్టేశాను. ఫ్రిజ్ ఖాళీ చేశాను. కరెంటు మెయిన్ మాత్రం ఆపలేదు, ఆపితే వైఫై పోతుంది, వైఫై పోతే కెమెరా పోతుంది. పోయిన దసరాకు ఆ కెమెరా రాత్రి రెండింటికి ఫోనులో మోగి మమ్మల్ని కూర్చోబెట్టింది. చూస్తే పిల్లి. ప్రకాశం బజారులో టైమర్ ప్లగ్గు తెచ్చి ముందు గది లైటుకు పెట్టాం, ఆరున్నరకు వెలిగి పదింటికి ఆరిపోతుంది. పాలాయనకు, పేపరు పిల్లగానికి చెప్పాం. పేపరు పిల్లగాడు తలూపాడు గానీ నాకు నమ్మకం లేదు. బిడ్డకు మాత్రం గట్టిగా చెప్పాను, గుంటూరులో దిగే ఫొటోలన్నీ ఇంటికొచ్చాకే స్టేటస్‌లో పెట్టాలని. "అప్పటికి పండుగ పోతది మమ్మీ" అని మూతి ముడిచింది.

అన్నీ అయ్యాక వాకిట్లోకి వచ్చి నిలబడితే అసలు సంగతి తట్టింది. ముగ్గు. మామూలు రోజుల్లోనైతే ఎవరూ చూడరు. ధనుర్మాసమంతా రోజూ పదిహేను చుక్కలు పెట్టి ఏసిన వాకిలి సంక్రాంతి నాడు బోసిగా ఉంటే, గల్లీ చివర నిలబడి చూసినా ఈ ఇంట్లో మనుషులు లేరని తెలిసిపోతుంది. అలీగఢ్ తాళాన్ని వెనక దాచి ఏం లాభం?

పక్కింటి పెద్దమ్మ దగ్గరికి పోయాను. వెనక తలుపు చెవి చేతిలో పెట్టి విషయం చెప్పాను.

"దీనికింత ఫికరా బిడ్డా? మా వాకిలి ఊడ్సినప్పుడు మీది గూడ ఊడ్సి, సాన్పు జల్లి ఏస్త తియ్. నాకు నీ లెక్క చుక్కలు రావు, పద్మం ఏస్త. నడుస్తదా?"

నడుస్తుంది పెద్దమ్మా అన్నాను. రెండు వాకిళ్లలో ఒకే పద్మం చూస్తే దొంగకు అనుమానం రాదా అని మా ఆయన. దొంగ అంత ముగ్గులు తెలిసినోడైతే వాడే వేస్తాడులే అన్నాను.

పెద్దమ్మకు ఇంకా ఎన్ని చెప్పానో. పేపరు పడితే లోపలెయ్యి, కరపత్రాలు గేటుకు గుచ్చితే పీకెయ్యి, చప్పుడైతే నువ్వొక్కదానివే పోకు, వందకు ఫోను చెయ్యి. అన్నిటికీ "సరే బిడ్డా" అంది.

మిర్యాలగూడ దాటాక ఈ డైరీ రాస్తుంటే ఆమె ఫోనొచ్చింది.

"బిడ్డా, మంచిగ ఎక్కిన్రా? ముందట అర్రల లైటు ఆర్పుడు మర్సిపోయిన్రు. కరెంటు ఊకె కాలుతున్నదని నేనే తలుపు దీసి బంద్ జేసొచ్చిన. గోడకున్న డబ్బా గూడ పీకి పక్కన వెట్టిన, మీరు రంది వడకున్రి."