సోమవారం జూకి సెలవు, మాకు దొరికింది పావురం

సోమవారం జూ మూసేస్తారని నాకు తెలీదు, ఇన్నేళ్లుగా హైదరాబాద్‌లో ఉంటూ తెలీకపోవడం నా తప్పే అనుకోండి. మియాపూర్‌లో మెట్రో ఎక్కి ఎంజీబీఎస్‌లో దిగి, బహదూర్‌పురాకి ఆటోకి 200 పోసి గేటు ముందు దిగాక తెలిసింది. ఆటో అతనికి ముందే తెలుసని నా అనుమానం. సెలవులకొచ్చిన మా మేనల్లుడికి నిప్పుకోడిని చూపిద్దామని బయల్దేరాం, రెక్కలుండీ అదెందుకు ఎగరదని వారం నుంచి నా ప్రాణం తీస్తున్నాడు, నేనేమో బరువు ఎక్కువరా అని తప్పించుకుంటున్నా.

వాడి మొహం చూడలేక మళ్లీ ఆటో, మళ్లీ బేరం, చార్మినార్ పక్కన ముర్గీ చౌక్‌లో తేలాం. ఒకటే కోళ్ల గోల, వాసన. పావురాలమ్మే ముసలాయన వీడి ప్రశ్న విని నవ్వి, ఓ పావురాన్ని వెల్లకిలా పట్టుకుని "రొమ్ము బొక్క పట్టి చూడు బేటా" అన్నాడు. ఇక్కడ బొక్కంటే ఎముక, మా గుంటూరు వైపు రంధ్రం కదా, వీడు ఈకల్లో చిల్లు వెతుకుతున్నాడు! నేనే వాడి వేలు పట్టి పెట్టించా. ఈకల కింద పడవ అడుగులా నిలువుగా ఓ ఎముక అంచు, దానికి రెండు పక్కలా బిర్రుగా కండ, లోపల గుండె టకటకా కొట్టుకుంటోంది.

రెక్కని కిందకి కొట్టే పెద్ద కండా, పైకెత్తే చిన్న కండా రెండూ అక్కడే పుడతాయి. పైకెత్తేది కూడా కిందే ఉండటమేంటి అని ఇంటికొచ్చి చదివితే, దాని కొస భుజం దగ్గర సందులోంచి దూరి బావి గిలక మీద తాడులా రెక్కని పైకి లాగుతుందట. నిప్పుకోడికి ఆ అంచే లేదు, రొమ్ము ఎముక చదునుగా ఉంటుంది, అంటే నేను చెప్పిన బరువు కథ సగమే.

"మరి కోడికి ఆ అంచు ఉందిగా మామా, అదెందుకు ఎక్కువ ఎగరదు?" అన్నాడు వీడు, పక్క గంప చూపించి. దానికీ ముసలాయనే, "కోస్తే తెలుస్తది, కోడి రొమ్ము తెల్లగుంటది, పావురందేమో ఎర్రగుంటది." నిజమే, తెల్ల కండ ఒక్క ఊపుకి పనికొస్తుంది, ఇట్టే అలిసిపోతుంది, ఎర్ర కండేమో ఆక్సిజన్ వాడుకుంటూ గంటలకొద్దీ లాగుతుంది. అమ్మమ్మ వాళ్ల నాటుకోడి పిల్లిని చూస్తే ఒక్క ఉదుటున పెంకుల మీదకెగిరేది, అంతే, ఇక కదిలేది కాదు.

తర్వాత బిర్యానీకెళ్తే వీడు ముక్క తినకుండా ఎముక మాత్రం గీకి గీకి శుభ్రం చేసి టిష్యూలో చుట్టుకున్నాడు. మెట్రో చెకింగ్‌లో ఆయన జేబు తడిమి ఇదేంటని అడిగితే ఏం చెప్పాలో నాకు తోచలేదు.