ఉత్తరంలో లేని ఊరు

ఉన్నత పాఠశాల విద్యార్థులకు చారిత్రక కథ రాయడం నేర్పుతున్న నన్ను చాలాకాలంగా ఒక చిక్కు వెంటాడుతోంది. పిల్లలు ముందు కథ అల్లేసి, ఆ తరువాత దానికి తగిన ఆధారం వెదుక్కుంటారు. ఆ వరుసను తిరగేయాలంటే ముందు నేనే కొంతసేపు ఆధారాల నడుమ తిరిగి రావాలనిపించి, కిందటి అక్టోబరులో ఇటలీలో అగ్నిపర్వతపు బూడిద కింద పూడిపోయిన ప్రాచీన రోమన్ నగరం పాంపేకు వెళ్లాను.

నేపుల్స్ నుంచి పాంపేకు లోకల్ రైలు ఉంది. దారి పొడుగునా ఒక పక్క వెసూవియస్ అగ్నిపర్వతం కనిపిస్తూ ఉండగా, రోమన్ రచయిత చిన్న ప్లినీ ఆ విస్ఫోటనం గురించి రాసిన ఉత్తరాలు రెండింటిని మళ్లీ చదివాను. క్రీ.శ. 79లో కొండ బద్దలైనప్పుడు అతడికి పదిహేడేళ్లు. పాతికేళ్లకు పైగా గడిచాక చరిత్రకారుడు టాసిటస్ అడిగితే రాసిన ఉత్తరాలవి. మేఘం పైన్ చెట్టు ఆకారంలో లేచిందన్న వర్ణన నా విద్యార్థులందరికీ తెలుసు. కానీ రెండు ఉత్తరాలలోనూ పాంపే పేరే లేదని నేను గమనించింది ఆ రైలులోనే. ప్లినీ ఉన్నది అఖాతానికి అవతల, మిసేనమ్‌లో. జనాన్ని కాపాడబోయిన మేనమామ ప్రాణం విడిచింది స్టాబియే తీరాన. ఆనాడు పాంపేలో లేని మనిషి మాటలను పాంపేకు సాక్ష్యంగా ఇన్నేళ్లూ పాఠం చెప్పానని తెలిసి మనసు చివుక్కుమంది. ఎవరు, ఎక్కడినుంచి, ఎన్నేళ్లకు రాశారు అన్నవి ఏ పత్రాన్నయినా ముందుగా అడగవలసిన ప్రశ్నలు. నేను వాటిని అడగకుండానే వర్ణన దగ్గరికి వెళ్లిపోయాను.

ఊళ్లో రాతిబాటల మీద బండిచక్రాల గాళ్లు, వీధి దాటడానికి వేసిన ఎత్తు రాళ్లు చూస్తూ నడిచాను. ఎండ తీవ్రంగా లేదు. విస్ఫోటనం ఆగస్టు 24న జరిగిందని చాలాకాలం చెప్పుకున్నారు. ప్లినీ ఉత్తరపు రాతప్రతులలో ఉన్న తేదీ అదే. అయితే 2018లో ఒక ఇంటి గోడ మీద అక్టోబరు 17కు సరిపోయే తేదీతో బొగ్గురాత బయటపడింది. దానిలో సంవత్సరం లేదు, కానీ బొగ్గురాత ఎక్కువకాలం నిలవదు కాబట్టి అది ఆ ఏటిదే కావచ్చునన్న వాదన ఉంది. కథలో పాత్రకు ఉక్కపోయాలా, చలివేయాలా అన్నది ఈ చిన్న రాత మీద ఆధారపడుతుందని తలచుకుంటే నాకు ఒళ్లు పులకరించింది.

పారిపోతూ చనిపోయినవారు దొరికిన పలాయితుల తోటలో పదమూడు మంది మనుషుల మూసల ముందు చాలాసేపు నిలబడ్డాను. శరీరాలు శిథిలమై బూడిదలో మిగిలిన ఖాళీలలో జిప్సం పోసి, మనుషుల ఆకారాలు తీసే పద్ధతిని 1863లో పురావస్తు శాస్త్రవేత్త ఫియొరెల్లి మొదలుపెట్టాడు. వేరొక ఇంట్లో దొరికిన మూసలలో, బంగారు కడియం ధరించిన ఒక వ్యక్తి ఒడిలో బిడ్డ ఉంది. కడియాన్నీ బిడ్డనూ చూసి తల్లి అన్నారు, అందరూ నమ్మారు. 2024లో వెలువడిన డీఎన్ఏ పరిశోధన ఆ వ్యక్తి పురుషుడనీ, బిడ్డతో రక్తసంబంధం లేదనీ తేల్చింది. మూస అబద్ధం చెప్పలేదు. దాని మీద మనం రాసుకున్న కథే తప్పింది.

తిరిగి వచ్చాక పాఠం మార్చాను. ఆ మూస ఫొటో ఇచ్చి, ఒక కాగితం మీద కంటికి కనబడేది మాత్రమే రాయమన్నాను. ఊహను వేరే కాగితం మీద రాయాలి. అంతకుముందే తల్లీబిడ్డల కథ రాసి ఉన్న ఒక అమ్మాయి, "అయితే నా కథ అబద్ధమా, టీచర్?" అని అడిగింది. బిడ్డనూ ఆ ఒడినీ ఉంచుకో, అవి మూసలో ఉన్నాయి. పరాయి మనిషి ఆ బిడ్డను ఎందుకు ఎత్తుకున్నాడో పాఠకుడికి నమ్మకం కలిగేలా నువ్వే చెప్పాలి, అన్నాను. ఆమె కథను వెనక్కి తీసుకుని, 'అమ్మ' అన్న మాట ఉన్న ప్రతిచోటా పెన్సిలుతో సున్నా చుట్టడం మొదలుపెట్టింది.